నాన్న విల్లు రాశారు సరే, అమ్మ విల్లు ఏది?

బ్యాంకులో డెత్ క్లెయిమ్ ఫైళ్లు చూసే సీట్లో నేను చాలా కాలంగా ఉన్నా. మగవాళ్లు పోయినప్పుడు అప్పుడప్పుడైనా ఓ విల్లు బయటికొస్తుంది, బీరువాలోంచో లాయరు దగ్గర్నుంచో. ఆడవాళ్లు పోయినప్పుడు మాత్రం విల్లు ఉందని కాగితం తెచ్చి చూపించినవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. అడిగితే అందరిదీ ఒకటే సమాధానం, "ఆవిడకేం ఆస్తుందండీ, అంతా మా నాన్నగారిదే కదా" అని. తీరా సిస్టంలో చూస్తే నాలుగు ఎఫ్‌డీలు ఆవిడ పేరు మీదే ఉంటాయి, లాకరు ఆవిడదే, పెన్షన్ అకౌంటు ఆవిడదే, ఇంటి దస్తావేజులో సగం ఆవిడ పేరే ఉంటుంది. ఆస్తి ఉందని ఇంట్లోవాళ్లకి తెలియక కాదు, అది ఆవిడ ఆస్తి అని ఎప్పుడూ అనుకోకపోవడం.

అందుకే నేను ఎవరు విల్లు గురించి అడిగినా ముందు ఇంట్లో ఆడవాళ్లని రాయమంటా. ఇది ఏదో మాటవరసకి చెప్పేది కాదు. విల్లు లేకుండా పోతే మన చట్టం మగవాడి ఆస్తిని ఒకలా పంచుతుంది, ఆడమనిషి ఆస్తిని ఇంకోలా పంచుతుంది, ఆ ఇంకోలా అన్నది తెలిస్తే చాలామంది ఆడవాళ్లు ఆ రోజే పెన్ను పట్టుకుంటారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తీసుకుందాం. మగవాడు విల్లు రాయకుండా పోతే అతని స్వార్జితం కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి అందరికీ సమానంగా వెళ్తుంది, అంటే తల్లికి మొదటి వరసలోనే వాటా ఉంది. అదే ఆడమనిషి పోతే సెక్షన్ 15 ప్రకారం మొదట పిల్లలూ భర్తా, వాళ్లు లేకపోతే భర్త వారసులు, వాళ్లు కూడా లేకపోతే అప్పుడు ఆవిడ తల్లీ తండ్రీ. అంటే ఉద్యోగం చేస్తూ నెలనెలా తల్లికి డబ్బు పంపే కూతురు రేపు ఏ యాక్సిడెంట్లోనో పోయిందనుకోండి, ఆవిడ సంపాదనంతా భర్తకీ పిల్లలకీ వెళ్తుంది, ఆ తల్లికి రూపాయి రాదు. అదే కొడుకు పోయుంటే వచ్చేది. పిల్లల్లేని వితంతువైతే ఇంకా దారుణం, ఆవిడ సొంత జీతంతో కొనుక్కున్న ఫ్లాటు అత్తగారికి వెళ్తుంది, అత్తగారు లేకపోతే మామగారు, తర్వాత మరుదులు, ఆడపడుచులు, వాళ్ల పిల్లలు, ఇలా అటువైపే వెతుక్కుంటూ పోతుంది చట్టం.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. నారాయణీ దేవి అనే ఆవిడ కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1955లో పెళ్లయింది, మూడు నెలల్లోపే భర్త పాము కరిచి చనిపోయాడు, అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటికొచ్చింది, వాళ్లు చదివించారు, ఉద్యోగం తెచ్చుకుంది, 1996లో విల్లు రాయకుండా పోయింది. బ్యాంకులో డబ్బు, పీఎఫ్ ఉన్నాయి. అన్నేళ్లు తనని చూసుకున్న తల్లి సక్సెషన్ సర్టిఫికెట్‌కి, అంటే వారసురాలినని కోర్టు ఇచ్చే కాగితానికి, పెట్టుకుంటే, అన్నేళ్లు మొహం చూడని భర్త తరఫువాళ్లు, అంటే ఆయన అక్కచెల్లెలి కొడుకులు, మాకు రావాలని వచ్చారు. 2009లో సుప్రీంకోర్టు వాళ్లకే ఇచ్చింది. సానుభూతి వేరు, చట్టం వేరు అంది. ఆవిడ ఒక తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టి ఇద్దరి చేత సాక్షి సంతకాలు చేయించి ఉంటే ఆ డబ్బు తల్లికే వెళ్లేది. నాకైతే ఈ కేసు చదివిన ప్రతిసారీ కడుపు రగిలిపోతుంది.

పుట్టింటి ఆస్తికైనా రక్షణ ఉందిగా అంటారు. ఉంది, కానీ చూసి చదవాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ వారసత్వంగా వచ్చిన ఆస్తి, పిల్లలు లేకపోతే తిరిగి తండ్రి వారసులకి వెళ్తుందని అదే సెక్షన్లో ఉంది. వారసత్వంగా వచ్చినది అని మాత్రమే ఉంది. మన ఇళ్లలో పసుపు కుంకుమ కింద కూతురికి పెళ్లప్పుడు గిఫ్ట్ దస్తావేజు రాసిచ్చే ఎకరం పొలం వారసత్వం కాదు, కానుక. కాబట్టి ఆ పొలం మామూలు వరసలో భర్త వారసుల వైపు వెళ్లే దారిలోనే ఉంటుంది. ఇది తెలిసిన తండ్రులు ఎంతమంది? 2025 నవంబర్లో ఇదే సెక్షన్ మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టే ఆడవాళ్లందరూ, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే విల్లు రాసుకోండని విజ్ఞప్తి చేసింది. కోర్టు నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే ఇంక ఎవరు చెప్పాలి.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "నామినీ పెట్టాం కదండీ" అని. నా కౌంటర్లో రోజూ వినే మాట ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. బ్యాంకు ఆ మనిషికి డబ్బిచ్చి తన బాధ్యత తీర్చేసుకుంటుంది, ఆ తర్వాత ఆ డబ్బు అసలు ఎవరిదన్నది విల్లు ఉంటే విల్లు ప్రకారం, లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం తేలాలి. ఇన్సూరెన్స్ నామినీ గురించి 1983లో శర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, షేర్ల నామినీ గురించి 2023 డిసెంబర్లో శక్తి యజ్దానీ కేసులో చెప్పిందీ ఇదే. ఇన్సూరెన్స్‌లో 2015 సవరణ తర్వాత భర్త, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే లెక్క కొంచెం మారింది, అది ఆ పాలసీ వరకే. ఇప్పుడు 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, మంచిదే, పెట్టండి, కాగితాల పని చాలా తగ్గుతుంది. కానీ పెద్ద కొడుకు నామినీ అయ్యాడు కాబట్టి ఆ ఎఫ్‌డీ పెద్ద కొడుకుదే అని చెల్లెళ్లతో మాటలు మానేసిన ఇళ్లు నేను చూశా, వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఆ తల్లి మనసులో ఏముందో కాగితం మీద లేదు అంతే. నామినీ పేరూ విల్లులో పేరూ ఒకటే ఉండేలా చూసుకుంటే సగం తలనొప్పి ఉండదు.

మా అమ్మ చేత రాయించినప్పుడు సంగతి చెప్తా. మొదట నాకేముందే రాయడానికి అంది. సరే ఉన్నవి చెప్పమ్మా అని ఒక లాంగ్ నోట్‌బుక్కు ముందు పెట్టా. మొదట గాజులూ రెండు పేటల గొలుసూ చెప్పింది, తర్వాత పోస్టాఫీసు డిపాజిట్టు గుర్తొచ్చింది, తర్వాత నాన్నతో కలిపి ఉన్న ఇంట్లో సగం, అప్పుడెప్పుడో తాతయ్య రాసిచ్చిన పొలం, పాస్‌బుక్కు ఎక్కడుందో వెతికితే చీరల కింద దొరికింది, అందులో విస్తీర్ణం ఒకలా దస్తావేజులో ఒకలా ఉంది, ఆ తర్వాత ఎదురింటావిడకి చేబదులు ఇచ్చిన డబ్బు, నాన్న పేరు మీద ఉన్న లాకర్లో అమ్మ నగలు. పేజీన్నర అయింది. ఎస్టేట్ ప్లానింగ్ అని పెద్ద పేరు పెడతారు గానీ దానికి మొదటి మెట్టు ఆ పేజీన్నరే, ఏమున్నాయి, ఎవరి పేరు మీదున్నాయి, కాగితం ఎక్కడుంది, దాని మీద అప్పేమైనా ఉందా. విల్లు ఇంకా మొదలుపెట్టకపోయినా ఆ లిస్టు ఒక్కటి ఉంటే ఇంట్లోవాళ్లకి ఎంత మేలో. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు ఫండ్‌కి వెళ్లిపోతాయి, వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని పోర్టల్ కూడా పెట్టారు, అలా వెతికే పని పిల్లలకి పెట్టకుండా ఉంటే మంచిది కదా.

లిస్టయ్యాక అమ్మ అన్న మాటకి నేను ఆశ్చర్యపోయా. పొలం పిన్నికి ఇస్తానంది. పిన్నికి పెళ్లి కాలేదు, అమ్మమ్మని చివరిదాకా చూసుకుంది తనే. నేనూ తమ్ముడూ ఉండగా చట్టం పిన్ని వైపు కన్నెత్తి కూడా చూడదు, అమ్మ మనసులో ఆ మాట ఉందని మాకూ తెలీదు. విల్లు లేకపోతే అది అమ్మతోనే పోయేది.

ఇక ఎలా రాయాలన్నది. చాలామంది భయపడేంత ఏమీ లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో సెక్షన్ 63 అడిగేవి మూడే, రాసినవాళ్లు సంతకమో వేలిముద్రో పెట్టాలి, ఆ సంతకం విల్లుకి సంబంధించిందే అని తెలిసే చోట ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. సాక్షులు ఆవిడ సంతకం పెట్టడం కళ్లారా చూడాలి, లేదా ఇది నా సంతకమే అని ఆవిడ నోటితో చెప్పాలి, వాళ్లు ఆవిడ ఎదురుగానే సంతకాలు పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనలేదు గానీ ఒకేసారి కూర్చోబెట్టడమే మేలు. విల్లు రాసే మనిషి మైనర్ కాకూడదు, మతి స్థిమితంగా ఉండాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు, చేత్తో రాసినా టైప్ చేసినా ఒకటే, తెలుగులో రాసినా నిక్షేపంగా చెల్లుతుంది. తెలుగు మాత్రమే చదవగలిగే తల్లి చేత ఇంగ్లిష్‌లో టైపు చేయించిన విల్లు మీద సంతకం పెట్టించడం ఎందుకు చేస్తారో నాకర్థం కాదు, రేపు కోర్టులో మొదటి ప్రశ్నే అదవుతుంది, ఇందులో ఏముందో ఆవిడకి తెలుసా అని. చదువు రాని మనిషైతే చదివి వినిపించగా విని ఒప్పుకుని వేలిముద్ర వేశారని కాగితంలోనే రాయాలి.

సాక్షుల దగ్గరే ఎక్కువ విల్లులు దెబ్బతింటాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు రాసేవాళ్లు అక్కడే ఉన్న ఎవరో ఇద్దర్ని పిలిచి సాక్షి సంతకం పెట్టించేస్తారు, అప్పటికి పనైపోతుంది, ఇరవయ్యేళ్ల తర్వాత ఆ మనుషుల్ని ఎక్కడని వెతుకుతాం? విల్లు కోర్టుకి వెళ్తే బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరొచ్చి అవును నా ముందే సంతకం పెట్టారని చెప్పాలి, పాత ఎవిడెన్స్ యాక్టులో 68వ సెక్షన్లో ఉన్న ఈ రూలు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో కూడా అలాగే ఉంది. కాబట్టి సాక్షి తెలిసిన మనిషై ఉండాలి, రాసేవాళ్ల కంటే వయసులో చిన్నవాళ్లైతే మంచిది, ఆ విల్లులో ఏమీ రాని మనిషై ఉండాలి, వాళ్ల భార్యకో భర్తకో కూడా ఏమీ రాకూడదు. మా అమ్మకి పాత స్టూడెంటు ఒకతనూ, ఫ్యామిలీ డాక్టరుగారూ సాక్షులు. వాళ్లు సంతకం పెట్టేటప్పుడు నేనూ తమ్ముడూ గదిలో లేం, కావాలనే బయటికొచ్చాం. ఆస్తి తీసుకునేవాళ్లే దగ్గరుండి అంతా నడిపిస్తే అది అనుమానానికి తావిస్తుంది, 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ చెప్పింది, సంతకం వణికినట్టుంటే, మనిషి మనసు బలహీనంగా ఉంటే, పంపకం మరీ అన్యాయంగా ఉంటే, లాభం పొందేవాడే ముందుండి నడిపిస్తే, ఆ అనుమానాలు తీర్చాల్సిన బాధ్యత విల్లు చూపించినవాడిదే అని. ఐసీయూలో వేలిముద్ర వేయించుకునే విల్లులు నిలబడటం ఇందుకే కష్టం. కాలూ చేయీ ఆడుతున్నప్పుడే రాయాలి.

రాసేటప్పుడు చిన్నచిన్నవే కొంప ముంచుతాయి. తారీఖు ఉండాలి, ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నానని ఉండాలి, ప్రతి పేజీ మీద సంతకం ఉండాలి. ఎఫ్‌డీ నంబరు ఒక్కటే రాస్తే అది మెచ్యూరై రెన్యూవల్ అయినప్పుడు నంబరు మారిపోవచ్చు, అందుకని ఫలానా బ్యాంకు ఫలానా బ్రాంచిలో నేను పోయేనాటికి నా పేరు మీదున్న మొత్తం అని రాయాలి. పొలానికి సర్వే నంబరూ హద్దులూ, ఇంటికి దస్తావేజు నంబరూ. ఎవరికి రాశామో ఆ మనిషి మనకంటే ముందే పోతే ఆ వాటా ఎవరికి వెళ్లాలో రెండో పేరు. చివర్లో, పైన చెప్పనివి ఇంకేమున్నా ఫలానావాళ్లకి అని ఒక లైను, ఇది లేకపోతే మర్చిపోయినవన్నీ మళ్లీ సెక్షన్ 15 దగ్గరికే వెళ్తాయి. కొట్టివేతలుంటే దాని పక్కన మళ్లీ అందరి సంతకాలూ కావాలి, దానికంటే కొత్త కాగితం తీసుకోవడం నయం. ఎవరికైనా తక్కువిస్తుంటే ఎందుకో ఒక లైను రాయమంటా. అమ్మ పిన్ని గురించి రాసిన రెండు లైన్లు చదివి తమ్ముడు ఒక్క మాట కూడా అనలేదు. ఇవన్నీ అమలు చేయడానికి ఒక ఎగ్జిక్యూటర్‌ని పెట్టుకోవచ్చు, చిన్నపిల్లలున్నవాళ్లయితే గార్డియన్ గురించి కూడా రాయాలి, ఆస్తి కంటే అదే ముఖ్యం.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం విల్లుని ఐచ్ఛికం కిందే పెట్టింది. రిజిస్టరు చేసిన విల్లుకి ఎదురే ఉండదన్నది మాత్రం నిజం కాదు, పైన చెప్పిన అనుమానాలన్నీ దానికీ వర్తిస్తాయి. అయినా నేను చేయించమనే అంటా, కాగితం పోయినా కాపీ దొరుకుతుంది, వేరేవాళ్లు మార్చడానికి కుదరదు, దాచిపెట్టేసి లేదు అనడానికి కుదరదు. రిజిస్ట్రార్ ఆఫీసులో విల్లులకి వేరే పుస్తకం ఉంటుంది, మూడో పుస్తకం అంటారు, బతికున్నన్నాళ్లూ రాసినవాళ్లకో వాళ్ల ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ దాని కాపీ ఇవ్వరు. ఇంట్లో తెలియకూడదనుకునే ఆడవాళ్లకి ఈ సంగతి చాలా ధైర్యం. అసలు సీలు వేసిన కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే పద్ధతి కూడా ఉంది.

విల్లెందుకు, ఇప్పుడే గిఫ్ట్ రాసిచ్చేయమ్మా అనే పిల్లలుంటారు. దీని మీద నా అభిప్రాయం గట్టిది, ఉంటున్న ఇల్లు ఎట్టి పరిస్థితుల్లోనూ గిఫ్ట్ రాయకూడదు. గిఫ్ట్ అయితే ఆ రోజే చేయి దాటిపోతుంది, విల్లయితే మనం పోయాకే, ఈలోపు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, చించేయవచ్చు. చూసుకుంటామని రాయించుకుని చూడకపోతే 2007 నాటి సీనియర్ సిటిజన్స్ చట్టం సెక్షన్ 23 కింద ఆ దస్తావేజు రద్దు చేయించుకునే దారుంది, కానీ డెబ్భై ఏళ్ల వయసులో ట్రిబ్యునల్ చుట్టూ తిరగడం ఎవరికి కావాలి.

మగవాళ్లకి కూడా ఒకటి చెప్పాలి. భార్యకి రాసేటప్పుడు "జీవితాంతం అనుభవించి తదనంతరం కొడుకులకు చెందవలెను" అని రాసేస్తారు, దస్తావేజు రాసేవాళ్ల దగ్గర ఆ వాక్యం రెడీగా ఉంటుంది. దాని అర్థం ఆవిడ ఆ ఇంట్లో ఉండొచ్చు గానీ జబ్బు చేస్తే అమ్ముకోలేదు. భర్త పోయాక కొడుకు దయ మీద బతకమని రాసినట్టే. పైగా ఆ హక్కు అక్కడితో ఆగుతుందా, పూర్తి హక్కుగా మారుతుందా అన్న దాని మీద 1977 నాటి తులసమ్మ కేసు నుంచీ, అది మన తెలుగు కుటుంబం కేసే, ఇప్పటిదాకా వాదనలు నడుస్తూనే ఉన్నాయి, 2024లో సుప్రీంకోర్టు దీన్ని పెద్ద బెంచికి పంపింది కూడా. భార్య మీద నమ్మకం ఉంటే పూర్తిగా రాయండి. ఆవిడ తన విల్లులో పిల్లలకి రాస్తుంది.

ముస్లింలకి పద్ధతి వేరు, వారసులు ఒప్పుకోకపోతే మూడోవంతు దాటి విల్లు రాయడానికి లేదు. క్రైస్తవులకి 1925 చట్టంలోనే వారసత్వం ఉంది. స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద మతాంతర పెళ్లి చేసుకున్నవాళ్లకీ అదే. ఆ ఇళ్లవాళ్లు తెలిసిన లాయరుతో ఒకసారి మాట్లాడి రాయడం మంచిది.

అశుభం అనేవాళ్లతో నేను వాదించను, ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు అశుభం అనిపించలేదు కదా అని మాత్రం అడుగుతా. పిల్లలు కొట్టుకోరండీ మంచివాళ్లు అనేవాళ్లకి మాత్రం జవాబుంది, మంచివాళ్లకే విల్లు ఇంకా అవసరం, ఎందుకంటే వాళ్లు అడగలేరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఏళ్ల తరబడి లాకరు కూడా తెరవకుండా కూర్చుంటారు, అలాంటి లాకర్లు మా బ్రాంచిలోనే ఉన్నాయి.

రాసింది ఎక్కడుందో ఇద్దరికైనా తెలియాలి. లాకర్లో ఒరిజినల్ పెట్టి ఆ లాకరు తెరవడానికి మళ్లీ కాగితాలు కావాల్సి రావడం నేను చూసిన చికాకుల్లో పెద్దది, కాబట్టి లాకర్లో వద్దు. పాస్‌వర్డులూ పిన్నులూ విల్లులో రాయొద్దు, రిజిస్టరు చేసిన విల్లయితే మనిషి పోయాక అడిగినవాళ్లకి దాని కాపీ ఇస్తారు, అవి వేరే కాగితం మీద ఉంచాలి. పెళ్లైనా, ఎవరైనా పోయినా, ఆస్తి అమ్మినా కొన్నా ఒకసారి తీసి చదవాలి. అమ్మ పొలంలో కొంత రోడ్డు కిందికి పోయి ఇప్పుడు విస్తీర్ణం మారింది, నష్టపరిహారం డబ్బు బ్యాంకులో పడింది, విల్లులో పొలం అనే ఉంది గానీ ఆ డబ్బు మాట లేదు, అది అలాగే వదిలేస్తే ఆ డబ్బు పిన్నికి రాదు. అందుకని అమ్మ మళ్లీ కొత్తగా రాస్తోంది. డాక్టరుగారు కూతురి దగ్గరికి వేరే దేశం వెళ్లిపోయారు, రెండో సాక్షిగా ఈసారి పక్కింటి టీచరమ్మని అడిగింది, ఆవిడ సంతకం పెట్టడానికి ఒప్పుకుని, అసలు ఇది ఎలా రాయాలో నాకూ చెప్పండి, నా పేరు మీద కూడా ఒక స్థలం ఉందంది.